కొన్న పుస్తకం మనదే, చందా కట్టిన ఫైలు ఎవరిది?

లైబ్రరీకి వెళ్ళి, కార్డు చూపించి, ఒక నవల ఇంటికి తెచ్చుకుంటాం. ఆ నవలను ఇలా జనానికి ఇస్తున్నామని లైబ్రరీ రచయితను అడగలేదు, అచ్చు వేసినవాళ్ళనూ అడగలేదు. అదే ప్రతిని ఇరవై మంది ఒకరి తర్వాత ఒకరు చదివినా, అట్ట ఊడిపోతే బైండింగు చేయించి మళ్ళీ అరలో పెట్టినా, చివరికి పాత పుస్తకాల వేలంలో అమ్మేసినా అడగక్కర్లేదు. ఎందుకంటే 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్‌లో రచయిత హక్కుల జాబితా రాస్తూ, ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు దగ్గర ఒక చిన్న ముక్క కలిపారు: అప్పటికే చలామణీలో ఉన్న ప్రతులకు ఇది వర్తించదు. అంటే జిరాక్స్ తీసి అమ్మకూడదు గానీ, కొన్న ఆ ఒక్క ప్రతిని ఎవరికి ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి అన్నది కొన్నవాళ్ళ ఇష్టం. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పెట్టినప్పుడు, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైనప్పుడు ఇంకా ఈ చట్టమే లేదు, అయినా పద్ధతి ఇదే. కొన్నాం, అరలో పెట్టాం, అడిగినవాళ్ళకు ఇచ్చాం.

లైబ్రరీల్లో కాపీరైట్, ఓపెన్ యాక్సెస్ (పరిశోధన పత్రాలను ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునేలా తెరిచి ఉంచడం), ఓపెన్ సోర్స్ (కోడ్ అందరి చేతికీ ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్) అని మూడు మాటలు ఒకే సెమినార్‌లో, ఒకే బ్యానర్ మీద వినిపిస్తుంటాయి. వినేవాళ్ళకు మూడూ కలిపి 'ఫ్రీగా దొరికేవి' అన్నట్టు అర్థమవుతుంది, అక్కడే సగం తికమక. నిజానికి ఈ మూడింటి వెనకా ఉన్న ప్రశ్న ధర గురించి కాదు, లైబ్రరీకి సొంతంగా ఏం మిగులుతుంది అన్నది.

ఈ-బుక్ సంగతి చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. లైబ్రరీ ఈ-బుక్ 'కొన్నాం' అంటుంది గానీ చాలాసార్లు కొన్నది ఒక లైసెన్సు మాత్రమే. ఆ లైసెన్సు ఇన్నేళ్ళకని ఉండొచ్చు, ఇన్నిసార్లు ఇష్యూ అయ్యేదాకా అని ఉండొచ్చు, క్యాంపస్ దాటితే తెరుచుకోదని ఉండొచ్చు. చందా ఆపేస్తే అర ఖాళీ. కాగితం పుస్తకానికి చట్టం ఇచ్చిన వెసులుబాటును ఇక్కడ కాంట్రాక్టు మింగేస్తుంది, పైగా ఆ కాంట్రాక్టును లైబ్రేరియన్ రాయడు, అమ్మేవాళ్ళే రాసి పంపిస్తారు, సంతకం పెట్టడమే మిగిలింది. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ దీనికో దారి వెతికింది: మన దగ్గర కాగితం ప్రతి ఒకటుంటే దాన్ని స్కాన్ చేసి ఒకసారి ఒక్కరికే అరువిద్దాం, అప్పుడది మామూలు లైబ్రరీ లాంటిదే కదా అని. కోవిడ్ రోజుల్లో ఆ 'ఒకసారి ఒక్కరికే' అన్న పట్టు కూడా కొన్నాళ్ళు సడలించింది. 2020లో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కోర్టుకెళ్ళాయి, 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు రెండూ ప్రచురణకర్తల పక్షాన తీర్పిచ్చాయి. అయిదు లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి పోయాయి. ఆ పట్టు సడలించడం తొందరపాటేనని ఆర్కైవ్‌ను అభిమానించేవాళ్ళు కూడా కొందరు అంటారు, కానీ తీర్పు మాత్రం సడలించక ముందున్న పద్ధతిని కూడా ఒప్పుకోలేదు.

మన దేశంలో చట్టం లైబ్రరీల మీద మరీ అంత కఠినంగా ఏమీ లేదు. 52వ సెక్షన్‌ను ఓపిగ్గా చదివితే పనికొచ్చేవి చాలానే దొరుకుతాయి. ఒక పుస్తకం దేశంలో అమ్మకానికి దొరకకపోతే, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన వాడకానికి మూడు ప్రతుల దాకా కాపీ చేయించుకోవచ్చు. 2012 సవరణతో ఇంకోటి వచ్చింది: తన దగ్గర కాగితం ప్రతి ఉంటే, దాన్ని కాపాడుకోవడం కోసం స్కాన్ చేసి దాచుకోవచ్చు. చూపులేనివాళ్ళ కోసం, అచ్చు చదవలేని ఇతర వికలాంగుల కోసం వాళ్ళు వాడగలిగే రూపంలోకి మార్చి ఇవ్వడానికీ అదే సవరణ వీలు కల్పించింది. ఇక పాఠాల కోసం చేసే కాపీల సంగతి ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపు కేసులో తేలింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన కేసు అది, కోర్స్ ప్యాకుల పేరుతో తమ పుస్తకాల్లో పేజీలు కాపీ చేసి అమ్ముతున్నారని. 2016లో ఢిల్లీ హైకోర్టు, కాపీరైట్ దేవుడిచ్చిన హక్కో ప్రకృతి సిద్ధమైన హక్కో కాదని చెప్పి, బోధన కోసం చేసే కాపీలకు చట్టంలో చోటుందని అంది. 2017లో ప్రచురణకర్తలు కేసు వదిలేసుకున్నారు.

అయితే స్కాన్ చేసి దాచుకోవడం వేరు, దాన్ని వెబ్‌సైట్లో పెట్టడం వేరు. మన దగ్గర ఈ గీత దగ్గరే అందరూ తడబడతారు.

దీనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కన్నా మంచి ఉదాహరణ ఉండదు. చిత్తూరు జిల్లాలో పుట్టి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసరై కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేద్దామని మొదలుపెట్టిన ప్రాజెక్టులో భాగమిది. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీ నడిపించింది, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పెద్ద స్కానింగ్ కేంద్రం. 2000 దశకంలో మన పాత లైబ్రరీల బీరువాల్లోంచి వేల తెలుగు పుస్తకాలు అలా బయటికొచ్చాయి. పేజీకో టిఫ్ అనే బొమ్మ ఫైలుగా ఉండేవి, చదవడానికి బ్రౌజర్‌లో ప్లగిన్ వేసుకోవాలి, ఇక పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా కొట్టి పెట్టారు, కావ్యం పేరు తెలిసినవాడికి కూడా అది వెతికితే దొరికేది కాదు, నాలుగైదు స్పెల్లింగులు మార్చి చూడాల్సి వచ్చేది. అయినా జనం విసుక్కోకుండా వాడుకున్నారు, దించుకోవడానికి సొంతంగా చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. పేచీ ఎక్కడొచ్చిందంటే స్కాన్ చేసిన వాటిలో ఇంకా కాపీరైట్ గడువు తీరని పుస్తకాలు బోలెడు కలిసిపోయాయి. చివరికి ఆ సైటు మూతపడింది. కాపీరైట్ తలనొప్పి అందులో పెద్ద కారణం. ఇవాళ ఆ తెలుగు పుస్తకాలు ఎక్కువగా దొరికేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, అంటే అమెరికాలో, సైటు ఆగకముందే కొందరు అక్కడ ఎక్కించి పెట్టబట్టి. మన పన్నుల డబ్బుతో మన లైబ్రరీల్లో స్కాన్ చేసిన పుస్తకాల కోసం మనం అక్కడికి వెళ్ళి వెతుక్కుంటున్నాం.

గడువు లెక్క అసలు అంత కష్టమైనదేమీ కాదు. రచయిత చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. మొదట 50 ఏళ్ళే ఉండేది, 1941లో పోయిన రవీంద్రనాథ్ టాగోర్ రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కు 1991తో తీరిపోతుంటే ఆఖరి నిమిషంలో ఆర్డినెన్స్ తెచ్చి, 1992 చట్టంతో పదేళ్ళు పొడిగించారు. ఒక్క రచయిత కోసం దేశమంతటికీ లెక్క మారిపోయింది. ఈ లెక్కన గురజాడ ఎప్పుడో స్వేచ్ఛగా అందుబాటులోకి వచ్చేశారు. 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ 2019లో, 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 2022లో పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే అందరి సొత్తులోకి వచ్చారు. జాషువా కోసం 2032 దాకా, విశ్వనాథ కోసం 2037 దాకా, చలం కోసం 2040 దాకా, శ్రీశ్రీ కోసం 2044 దాకా ఆగాలి. ఆన్‌లైన్‌లో వీళ్ళ పుస్తకాల పీడీఎఫ్‌లు ఇప్పటికే వందల చోట్ల తిరుగుతున్నాయి కదా అంటే, తిరుగుతున్నంత మాత్రాన లైబ్రరీ తన సైట్లో పెట్టేసుకోవచ్చని కాదు.

ఇందులోనూ మెలికలున్నాయి. గురజాడ రచన మనదే, కానీ పదేళ్ళ కిందట ఎవరో వేసిన ఎడిషన్‌లోని ముందుమాట, పాఠభేదాల వివరణలు, బొమ్మలు వాళ్ళవి. బెంగాలీ మూలానికి గడువు తీరినా తెలుగు అనువాదానికి అనువాదకుడి ఆయుష్షు లెక్క. మారుపేరుతో వచ్చిన పుస్తకానికి, అసలు మనిషెవరో బయటపడకపోతే, అచ్చయిన ఏడాది నుంచి 60. వారపత్రికల సీరియళ్ళ కాలంలో ఆడపేర్లతో రాసిన మగవాళ్ళ లెక్కలు తేల్చాలంటే లైబ్రేరియన్ కాస్త డిటెక్టివ్ పని కూడా నేర్చుకోవాలి.

తెలుగులో అసలు కష్టం ప్రసిద్ధులతో కాదు, వాళ్ళ వారసులు ఎవరో తెలుసు, గడువూ తెలుసు. కష్టమంతా మిగతావాళ్ళతో. సొంత డబ్బుతో అయిదువందల కాపీలు వేసుకున్న బడి మాస్టారు, ఊరి చరిత్ర రాసిన కరణంగారు, పద్యాలు రాసిన ప్లీడరు. లోపలి పేజీలో 'సర్వస్వామ్య సంకలితము' అని ఉంటుంది, ఆ స్వామి ఎప్పుడు పోయాడో, పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారో, అమెరికాలో ఉన్న మనవలకు తాతగారు పుస్తకం రాశాడని అసలు తెలుసో లేదో ఎవరికీ తెలియదు. ఇలాంటి అనాథ పుస్తకాల కోసం చట్టంలో 31ఎ సెక్షన్ అని ఒక దారుంది: హక్కుదారు దొరకలేదని చూపించి, దేశంలో ఎక్కువ భాగం చదివే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేసి, లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. మూడు వందల కాపీలు కూడా మిగలని ఒక శతకం కోసం జాతీయ ఇంగ్లీషు పేపర్లో ప్రకటన! ఆ ఖర్చుతో శతకాన్ని రెండోసారి అచ్చు వేయించొచ్చు. కాబట్టి జరిగేది ఏమిటంటే, జాగ్రత్తపరుడైన లైబ్రేరియన్ ముట్టుకోడు, చెదలు ముట్టుకుంటాయి.

రచయితలకు మాత్రం చట్టం, చాలామందికి తెలియని ఆయుధం ఒకటి ఇచ్చింది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట బదిలీ చెల్లదు. 1994 సవరణ తర్వాతి ఒప్పందాలైతే, ఆ కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళే. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. తెలుగు ప్రచురణలో ఎన్ని ఒప్పందాలు కాఫీ మీద నోటిమాటగా జరిగాయో తెలిసినవాళ్ళకు దీని అర్థం వెంటనే బోధపడుతుంది: చాలా పుస్తకాల మీద హక్కు ప్రచురణకర్త దగ్గర ఉందని అందరూ అనుకుంటున్నారు గానీ అది రచయిత దగ్గరో, వాళ్ళ పిల్లల దగ్గరో ఉంది. వాళ్ళు ఒక్క ఉత్తరం రాసి, అందరూ వాడుకోవచ్చని ముందే ఒప్పుకునే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇస్తున్నామంటే లైబ్రరీకి ఏ కోర్టూ అక్కర్లేదు. తెలుగు వికీసోర్స్ అనే స్వేచ్ఛా ఆన్‌లైన్ గ్రంథాలయం లాంటి చోట గడువు తీరని పుస్తకం నిలవాలన్నా ఇలాంటి అనుమతే ఆధారం.

ఇక ఓపెన్ యాక్సెస్. ఇది ప్రధానంగా పరిశోధన పత్రాల గొడవ, కథలు నవలల గొడవ కాదు. నవలా రచయిత రాయల్టీ కోసం చూస్తాడు, పరిశోధకుడికి జర్నల్ పైసా ఇవ్వదు, పైగా అతని జీతం ప్రభుత్వానిది, ల్యాబ్ ప్రభుత్వానిది, వ్యాసాన్ని పరీక్షించే తోటి ప్రొఫెసర్లూ ఉచితంగానే చేస్తారు. అంతా అయ్యాక ఆ వ్యాసాన్ని అదే యూనివర్సిటీ లైబ్రరీ చందా కట్టి కొనుక్కోవాలి. పాలు పోసిన రైతే డెయిరీ దగ్గర లైన్లో నిలబడి ప్యాకెట్ కొనుక్కున్నట్టు, కాకపోతే రైతుకి పాల డబ్బులైనా వస్తాయి. 2002లో బుడాపెస్ట్ ప్రకటనతో ఈ పద్ధతి మార్చాలన్న మాట గట్టిగా వినపడింది. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2009లోనే తమ శాస్త్రవేత్తల పత్రాలన్నీ అందరికీ అందుబాటులో ఉంచాలని నియమం పెట్టుకుంది. తర్వాత ప్రచురణ సంస్థలు తెలివిగా లెక్క తిరగేశాయి: చదివేవాడి దగ్గర వద్దు, రాసేవాడి దగ్గరే తీసుకుందాం అని. నేచర్ జర్నల్ ఒక్క వ్యాసాన్ని ఇలా తెరిచి ఉంచడానికి 9,500 యూరోలని 2020లో ప్రకటించింది, అంటే ఎనిమిది లక్షల రూపాయల పైమాట. జిల్లా కేంద్రంలోని యూనివర్సిటీలో పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అప్పట్లో అది దాదాపు ఏడాది జీతం.

మన ప్రభుత్వం ఎంచుకున్నది మూడో దారి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఒప్పుకుంది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్ళు, 6,300 పైచిలుకు సంస్థలు. ఎన్నడూ ఒక్క అంతర్జాతీయ జర్నల్ కూడా చూడని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఇది పెద్ద వరమే, కాదనలేం. కానీ పేరులో 'నేషన్' అని ఉన్నా లోపలికి రానిచ్చేది ప్రభుత్వ సంస్థలను. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది చదివేది ప్రైవేటు కాలేజీల్లో, వాళ్ళు బయటే. జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాడూ బయటే, ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న ఇంటాయనా బయటే. ఇంకోటి, ఇది చందా. ఓపెన్ యాక్సెస్ అని కొందరు పొరపాటుగా రాస్తున్నారు. ఒప్పందంలో పాత సంచికలు మన దగ్గరే ఉండిపోయేలా ఏమైనా రాయించుకుంటే తప్ప, చందా ఆగిన రోజు అంతా ఆగుతుంది.

దీనికి భిన్నంగా పెద్ద హడావుడి లేకుండా పనిచేస్తున్నది శోధ్‌గంగ. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను విశ్వవిద్యాలయాలు తప్పనిసరిగా ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. యూజీసీ లైబ్రరీల కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాటిని శోధ్‌గంగ సైట్లో అందరికీ తెరిచి ఉంచుతుంది, ఇప్పుడు అయిదు లక్షలు దాటాయి. దీనికి వాడే డీస్పేస్ సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సే, ఎంఐటీ, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేసింది. తెలుగు శాఖల నుంచి వచ్చిన గ్రంథాల్లో మాత్రం ఒక చిక్కు. చాలావాటిని అను ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్ చేశారు. కంటికి తెలుగే, కంప్యూటర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. తలుపు తీసే ఉంది, లోపల లైటు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి మండలి, గిడుగు, సురవరం, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లను (కంప్యూటర్‌కు కూడా తెలుగుగానే అర్థమయ్యేవి) ఓపెన్ లైసెన్సుతో విడుదల చేశాక కూడా ఈ అలవాటు పూర్తిగా పోలేదంటే అది టెక్నాలజీ తప్పు కాదు.

సాఫ్ట్‌వేర్ దగ్గరికొస్తే, లైబ్రరీల్లో అందరికంటే ఎక్కువగా వినిపించే పేరు కోహా, పుస్తకాల కేటలాగు, ఇష్యూ లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లో లెవిన్ అనే చిన్న ఊరిలో, హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం రాగానే పనిచేయదని తెలిసి, కొత్తది కొనేంత డబ్బు లేక, కటీపో అనే చిన్న కంపెనీ చేత రాయించుకున్నారు. 2000 జనవరి మొదటి వారంలో అది పని మొదలుపెట్టింది. మరొక లైబ్రరీకి ఈ బాధ ఎందుకని ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద కోడ్ మొత్తం పంచేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. పదేళ్ళ తర్వాత ఒక అమెరికన్ కంపెనీ ఆ పేరు మీద న్యూజిలాండ్‌లోనే ట్రేడ్‌మార్క్ కోసం దరఖాస్తు పెట్టుకుంది, 2011లో తాత్కాలికంగా మంజూరైంది కూడా! లైబ్రరీ వాళ్ళు విరాళాలు పోగుచేసుకుని పోరాడి 2013లో గెలిచారు. కోడ్‌ను కాపాడటానికి లైసెన్సు సరిపోయింది గానీ పేరును కాపాడుకోవడానికి మళ్ళీ మేధా హక్కుల చట్టమే కావాల్సి వచ్చింది.

మన దగ్గరా ఇలాంటి ప్రయత్నం జరిగింది. హైదరాబాదులో వీరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తయారుచేసిన న్యూజెన్‌లిబ్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌ను 2008లో ఓపెన్ సోర్స్ చేశారు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ లైబ్రరీలకు ఉచితం, కానీ దాని కోడ్ చేతికివ్వరు. ఉచితానికీ ఓపెన్‌కూ తేడా చూపించడానికి ఇది చక్కగా పనికొస్తుంది. ఉచితంగా వచ్చినదాన్ని వాడుకుంటాం. ఓపెన్‌గా ఉన్నదాన్ని మార్చుకుంటాం. మార్చుకోవాల్సిన అవసరం తెలుగువాళ్ళకు రోజూ ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ అన్న పేరులో ఇంటిపేరు ముందే ఉంది. చివరి మాటే ఇంటిపేరనుకునే పాశ్చాత్య పద్ధతి తెలిసిన ఆపరేటర్ దాన్ని 'సత్యనారాయణ, విశ్వనాథ' అని తిరగేస్తాడు, ఇంకొకరు సరిగ్గా కొడతారు, మూడోవారు ఇంగ్లీషులో కొడతారు, ఒకే రచయిత ముగ్గురైపోతాడు. కోహాలో తెలుగు లిపిలో వెతుకులాట సరిగ్గా పనిచేయాలంటే ఇండెక్సింగ్ సెట్టింగు యూనికోడ్‌కు మార్చాలి, అది చేయక 'తెలుగు సపోర్ట్ లేదండీ' అని వదిలేసేవాళ్ళున్నారు.

అలాగని ఓపెన్ సోర్స్ పెట్టగానే అయిపోదు. లైసెన్సు ఖర్చు లేదు గానీ సర్వర్ ఖర్చుంది, లినక్స్ తెలిసిన మనిషి కావాలి, బ్యాకప్ తీయాలి. జిల్లా గ్రంథాలయ సంస్థల్లో చాలాచోట్ల లైబ్రేరియన్ పోస్టులే ఖాళీగా ఉంటే సిస్టమ్ అడ్మిన్ ఎక్కడినుంచి వస్తాడు? అందుకే కోహాను కూడా బయటి ఏజెన్సీల చేతే పెట్టిస్తారు, అందులో తప్పు లేదు, నచ్చకపోతే ఏజెన్సీని మార్చుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ అదే ఉంటుంది. కాకపోతే టెండరు రాసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రేపు మీతో ఒప్పందం ఆగిపోతే మా కేటలాగు మొత్తం ఏ రూపంలో చేతికిస్తారు? మార్క్ ఫార్మాట్‌లో (ఏ లైబ్రరీ సాఫ్ట్‌వేరైనా చదవగలిగే కేటలాగు రూపం), యూనికోడ్‌లో అన్న జవాబు వస్తే సరే. ఎక్సెల్ షీటులో ఇస్తాంలెండి అన్నారంటే, ఒక్క శాంపిల్ తీసి చూపించమనాలి. ఇరవై వేల పుస్తకాల పేర్లూ వరసగా ప్రశ్నార్థకం గుర్తులై కనిపించడం చాలామంది అప్పటికే చూసి ఉన్నారు.